జేన్ గుడాల్ పాఠం రాయబోయేవారికి ఒక విన్నపం

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో పాఠశాల సైన్సు పుస్తకాలు రాసే రచయితలకు, వాటిని దిద్దే సంపాదకులకు,

నమస్కారం.

ఆఫ్రికా అడవిలో చింపాంజీలను ఏళ్ల తరబడి గమనించిన బ్రిటిష్ శాస్త్రవేత్త జేన్ గుడాల్ 2025 అక్టోబరు 1న కాలిఫోర్నియాలో కన్నుమూశారు. 91 ఏళ్ల వయసులో, ఉపన్యాసాల పర్యటన మధ్యలో పోయారు. మన దగ్గర ఒక రివాజు ఉంది. పెద్దవాళ్లు బతికుండగా సన్మానం, పోయాక పాఠం. ఈసారి పుస్తకాలు మార్చేటప్పుడు ఎవరో ఒకరు ఆమె పేరు ఎత్తుతారనే నా నమ్మకం. ఆ పాఠం ఎలా ఉండబోతోందో కూడా కళ్లకు కట్టినట్టు కనిపిస్తోంది. 1934 ఏప్రిల్ 3న లండన్‌లో పుట్టింది. చిన్నప్పుడు చింపాంజీ బొమ్మతో ఆడుకుంది. ఆఫ్రికా కల కంది. క్రూరమృగాల మధ్య ఒంటరిగా గడిపింది. ఇన్ని అవార్డులు వచ్చాయి. కాబట్టి పిల్లలూ, మూగజీవాలను ప్రేమించండి. పక్కన చింపాంజీ పిల్లను ఒళ్లో పెట్టుకున్న ఫోటో. కింద ‘ఖాళీలను పూరించుము’.

డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైన మనిషిని నేను. ‘చింపాంజీలు పనిముట్లు వాడతాయి’ అన్న వాక్యం కంఠతా వచ్చిన పిల్లలే ఏటేటా మా దగ్గరికి వచ్చేవారు. అది ఎలా తెలిసింది, ఎవరు చూశారు, కళ్లతో సరిగ్గా ఏం చూశారు అని అడిగితే మాత్రం అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకునేవారు. తప్పు వాళ్లది కాదు. వాళ్లకు జవాబులు అందాయి, ఆ జవాబులు పుట్టిన పని అందలేదు. జేన్ గుడాల్ మీద పాఠం రాస్తే దయచేసి ఆ పని గురించి రాయండి. ఆమెను దేవతను చేస్తే పిల్లలు దండం పెట్టి పేజీ తిప్పేస్తారు.

ముందు ‘ఒంటరిగా’ అన్న మాట తీసేయండి. 1960 జూలై 14న ఆమె ఇప్పటి టాంజానియాలోని గోంబే అడవిలో దిగినప్పుడు పక్కన వాళ్లమ్మ వాన్ ఉంది. అప్పటికి అది బ్రిటిష్ పాలనలోని టాంగన్యీకా. 26 ఏళ్ల అమ్మాయిని ఒక్కదాన్నే అడవిలో ఉండనివ్వబోమని అధికారులు పట్టుబట్టడంతో తల్లి బయల్దేరి వచ్చింది. వంటకు డొమినిక్ అనే ఆయన ఉన్నాడు, కొండదారులు చూపించడానికి స్థానికులు ఉన్నారు. మొదటి నెలల్లోనే తల్లీకూతుళ్లు ఇద్దరికీ మలేరియా పట్టుకుంది. కోలుకున్నాక వాన్ అక్కడి జాలర్లకు చిన్నపాటి మందులిచ్చి, పుళ్లకు కట్లు కట్టి వాళ్ల నమ్మకం సంపాదించింది. కూతురి పరిశోధనకు ఊరివాళ్ల సాయం దొరకడంలో ఆ మాత్రల డబ్బా పాత్ర తక్కువేం కాదు. ఏ అవార్డు పత్రంలోనూ ఆ డబ్బా కనబడదు, మన పాఠంలోనైనా కనబడనివ్వండి.

డిగ్రీ లేకపోవడం గురించి ఎటూ రాస్తారు. ఇంట్లో యూనివర్సిటీకి పంపే స్తోమత లేక సెక్రటరీ కోర్సు చదివింది, హోటల్లో వడ్డన పని చేసి ఓడ టికెట్టుకు డబ్బు కూడబెట్టింది, 1957లో స్నేహితురాలి పిలుపు మీద కెన్యా వెళ్లింది. నైరోబీ మ్యూజియంలో లూయీ లీకీ దగ్గర ఉద్యోగం దొరికింది. లీకీ ఆదిమానవుల ఎముకలు తవ్వితీసే మనిషి. ఎముకను బట్టి ఎత్తు తెలుస్తుంది, వయసు తెలుస్తుంది. తల్లి బిడ్డను ఎలా పెంచిందో, దొరికిన తిండిని ఎవరితో పంచుకుందో ఎముక చెప్పదు. మనకు దగ్గరి చుట్టాలైన చింపాంజీలను అడవిలో చూస్తే మన పూర్వీకుల బతుకు గురించి కొంత ఊహించవచ్చని ఆయన లెక్క. పుస్తకాల్లోని సిద్ధాంతాలు ముందే తలకెక్కని మనిషి కావాలని కోరి మరీ ఆమెను పంపాడు. ఇంతవరకే రాసి ఆపితే చదువు అక్కర్లేదని పిల్లలు అనుకుంటారు. తర్వాత ఆమె కేంబ్రిడ్జికి వెళ్లి, బీఏ లేకుండానే నేరుగా పీహెచ్‌డీలో చేరి, జంతు ప్రవర్తనా శాస్త్రం పద్ధతిగా నేర్చుకుందన్నది కూడా రాయాలి. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

ఇక అసలు సంగతి, పుట్ట దగ్గరి సంగతి. దీనికి మాత్రం ఒక పేజీ పూర్తిగా ఇవ్వండి.

గోంబే అంటే టాంగన్యీకా సరస్సు తూర్పు గట్టున, కిగోమా పట్టణానికి ఉత్తరంగా ఉన్న చిన్న అడవి. నిటారు కొండలు, వాటి మధ్య లోయలు, సరస్సులోకి దిగే వాగులు. మొదట్లో నెలల తరబడి చింపాంజీలు ఆమె నీడ పడితేనే పారిపోయేవి. పొద్దున్నే కొండ ఎక్కి, అన్ని వైపులా కనిపించే ఒక శిఖరం మీద బైనాక్యులర్స్ పట్టుకుని కూర్చునేది. ఒకే రకం రంగు వెలిసిన బట్టలు వేసుకునేది, వాటి వెంట పడేది కాదు. లీకీ తెచ్చిన డబ్బు కొద్ది నెలలకే సరిపోతుంది, చెప్పుకోదగ్గది ఒక్కటీ దొరకలేదు. అక్టోబరు 30న చింపాంజీలు అడవిపంది పిల్ల మాంసం తినడం చూసింది. అప్పటిదాకా వాటిని కాయా పండూ తినే జీవులనే అనుకునేవారు. నవంబరు 4న, గడ్డం నెరిసిన ఒక మగ చింపాంజీ చెదపుట్ట ముందు కూర్చుని కనబడింది. దానికి ఆమె పెట్టిన పేరు డేవిడ్ గ్రేబియర్డ్.

ఏం చేస్తోందది? చెదలు మూసేసిన కన్నాన్ని వేలితో గీరి తెరిచింది. పొడవాటి గడ్డిపరక తుంచి మెల్లగా లోపలికి దూర్చింది. కాసేపు ఆగింది. లోపలి కాపలా చెదలు చొరబడ్డ పరకను దవడలతో కరిచి పట్టుకుంటాయి. అవి వదలకుండా ఉండేలా నిదానంగా పైకి లాగి, పరకను పెదాలతో దువ్వి నమిలేసింది. కొస వంగిపోతే పరకను తిప్పి రెండో కొస వాడింది, అదీ పాడైతే ఇంకోటి తెచ్చుకుంది. తర్వాత తర్వాత చూసినప్పుడు కొమ్మరెమ్మలు తెచ్చుకుని ఆకులు దూసి పారేసి పుల్లను సాపు చేసుకోవడం కూడా కనబడింది. ఉన్న వస్తువును వాడటం ఒక ఎత్తు, వస్తువును పనికి తగ్గట్టు మలచుకోవడం ఇంకో ఎత్తు. ‘పనిముట్లు తయారుచేసేవాడు మనిషి’ అన్నది ఆనాటి నిర్వచనం. లీకీకి తంతి కొడితే ఆయన పంపిన జవాబు ప్రసిద్ధం: ఇక పనిముట్టును కొత్తగా నిర్వచించాలి, లేదా మనిషిని కొత్తగా నిర్వచించాలి, లేదా చింపాంజీలను మనుషులుగా ఒప్పుకోవాలి.

మన పల్లెల పిల్లలకు ఇది చెప్పడం చాలా తేలిక. తొలకరి వానకు పుట్టల్లోంచి ఉసిళ్లు లేస్తే దీపం పెట్టి పట్టి, వేయించుకు తినే ఊళ్లు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. ఉసిళ్లు అంటే రెక్కలొచ్చిన చెదలే. వానలు మొదలయ్యే కాలమే గోంబేలోనూ చెదల వేటకు అదను. ఈ ఒక్క ముక్క పాఠంలో ఉంటే ఏ పిల్లా ‘ఛీ, పురుగులు తింటుందా’ అనదు. వాళ్ల నానమ్మను అడిగి నాలుగు కబుర్లు తెచ్చి క్లాసులో చెబుతుంది.

‘ప్రపంచంలో మొదటిసారి’ అన్న ముద్ర వేసేటప్పుడు కాస్త ఆగండి. పశ్చిమ ఆఫ్రికాలో చింపాంజీలు రాళ్లతో కాయలు పగలగొడతాయని 1840లలోనే రాతపూర్వకంగా ఉంది, అక్కడి అడవుల్లో బతికే జనానికి అంతకుముందే తెలిసి ఉంటుంది. గోంబేలో కొత్తగా జరిగిందేమిటంటే, ఏ చింపాంజీ, ఏ రోజు, ఏ పుట్ట దగ్గర, ఏ పుల్లతో, ఎలా అన్నది పక్కనే కూర్చుని చూసిన మనిషి రాసిపెట్టడం. అలా రాసిపెట్టారు కాబట్టే దాని మీద ఇంకొకరు కట్టుకోగలిగారు. 2004లో వచ్చిన ఒక అధ్యయనం గోంబే పిల్ల చింపాంజీలను వరసగా గమనించి, ఆడపిల్లలు తల్లి చేతులవైపే చూస్తూ మగపిల్లల కంటే సుమారు రెండేళ్లు ముందే చెదల వేట నేర్చుకుంటున్నాయని తేల్చింది. మగపిల్లలు పుట్ట దగ్గర గెంతుతూ పొర్లుతూ ఉంటాయట. క్లాసులో ఈ మాట చెప్పి చూడండి, ఆ పీరియడంతా నిద్రపోయేవాడు ఉండడు. 1999లో, వేర్వేరు చోట్ల చింపాంజీలను ఏళ్లపాటు చూసినవాళ్లంతా కలిసి లెక్కవేస్తే, ఒక చోట అలవాటుగా ఉండి ఇంకో చోట లేని ప్రవర్తనలు 39 తేలాయి. ఐవరీకోస్ట్‌లోని తాయి అడవిలో రాళ్లతో కాయలు పగలగొడతాయి, గోంబేలో రాళ్లూ తాటిజాతి కాయలూ ఉన్నా ఆ పని చేయవు. అదే సరస్సు గట్టున దక్షిణాన ఉన్న మహాలే కొండల్లో 1965 నుంచి జపాన్ శాస్త్రవేత్త తోషిసదా నిషిదా బృందం చూస్తూ వచ్చింది. ఆయన పేరు లేకుండా ఈ కథ చెబితే సగమే చెప్పినట్టు.

ఇప్పుడు కేంబ్రిడ్జి సంగతి. చింపాంజీలకు పేర్లు పెట్టడం అక్కడివాళ్లకు నచ్చలేదు, నంబర్లు పెట్టాలన్నారు. మనసు, స్వభావం లాంటి మాటలు జంతువులకు వాడకూడదన్నారు. ఆమె మొదటి పరిశోధన వ్యాసంలో చింపాంజీలను ‘అతడు’, ‘ఆమె’ అని రాస్తే సంపాదకులు అవన్నీ కొట్టేసి వస్తువుకు వాడే సర్వనామం పెట్టారు. ఆమె ఆ దిద్దుబాట్లను మళ్లీ కొట్టేసి తన మాటలే ఉంచింది. ఈ కథలో పోరాటం ఉంది కాబట్టి అందరూ చెబుతారు. నాకు ఇంతకంటే ఇష్టమైన కథ ఒకటుంది, అది ఎవరూ చెప్పరు.

ఫ్లో అనే తల్లికి ఫిఫీ కూతురు, ఫ్లింట్ అప్పుడే పుట్టిన కొడుకు. వేరే పిల్లలు ఫ్లింట్ దగ్గరికి వస్తే ఫిఫీ వెంట్రుకలు నిక్కబొడుచుకుని వాళ్లను తరిమేది. జేన్ తన రాతలో ‘ఫిఫీ అసూయ పడింది’ అని రాసింది. ఆమె పీహెచ్‌డీ గైడు రాబర్ట్ హైండ్ ఒప్పుకోలేదు. దాని లోపల ఏముందో నువ్వు నిరూపించలేవు కదా అన్నాడు. మరి ఎలా రాయను అని ఆమె అడిగితే, ‘ఫిఫీ ప్రవర్తన ఎలా ఉందంటే, అది మనిషిపిల్ల అయితే దాన్ని అసూయ అనేవాళ్లం’ అని రాయమన్నాడు. చూసింది చూసినట్టే ఉంది, ఊహ ఊహ అని తెలిసిపోతోంది, మనసులో ఏదో ఉందన్న సూచనా పోలేదు. గైడు అంటే ఇలా ఉండాలి. తర్వాత హైండ్ స్వయంగా గోంబే వెళ్లి చూసి తన అభిప్రాయాలు కొన్ని మార్చుకున్నాడు. తొమ్మిదో తరగతి పిల్లకు పరిశీలనకూ ఊహకూ తేడా చెప్పడానికి మన పుస్తకాల్లో రెండు వాక్యాల నిర్వచనం ఇస్తాం, పిల్ల బట్టీ పడుతుంది. ఫిఫీ కథ చెబితే బట్టీ అవసరం ఉండదు.

కిరోసిన్ డబ్బాల మైక్ కథ కూడా వదలొద్దు. గుంపులో అట్టడుగున ఉన్న మగ చింపాంజీ మైక్. 1964 ప్రాంతంలో క్యాంపులో పడి ఉన్న ఖాళీ కిరోసిన్ డబ్బాలు దొర్లించుకుంటూ, ఆ మోతతో పెద్ద మగవాటి మీదికి పరుగెత్తి, పెద్దగా కొట్లాడకుండానే నాయకుడైపోయాడు. మన రాజకీయాలు తెలిసిన పిల్లలకు దీనికి వేరే వివరణ అక్కర్లేదు.

ఇక్కడిదాకా చెప్పడం తేలికే. కష్టమైనవి ఇప్పుడు వస్తాయి. సాధారణంగా సంపాదక మండలి ‘పిల్లలకెందుకండీ ఇవన్నీ’ అని కొట్టేసేవి కూడా ఇవే.

ఒకటి అరటిపళ్ల వ్యవహారం. చింపాంజీలు దగ్గరికి రావడానికి 1960ల మొదట్లో క్యాంపు దగ్గర అరటిపళ్లు పెట్టడం మొదలైంది. ఫోటోలు దొరికాయి, నోటు పుస్తకాలు నిండాయి. కానీ మామూలుగా చిన్న చిన్న జట్లుగా చెదిరి తిరిగే జీవులు ఒకేచోట గుమికూడటంతో కొట్లాటలు పెరిగాయి, బాబూన్లనే పెద్ద కోతులతో కూడా. ఆ తర్వాత పెట్టడం బాగా తగ్గించారు, 2000లో పూర్తిగా ఆపేశారు. 1974 నుంచి 1978 వరకు ఇంకో ఘోరం నడిచింది. ఒకే గుంపు రెండుగా చీలి, ఉత్తరాన కసకేలా, దక్షిణాన కహామా అయింది. కసకేలా మగవి సరిహద్దు దాటి వెళ్లి, ఒంటరిగా దొరికిన కహామా మగవాటిని ఒక్కొక్కటిగా చంపాయి. మొదట బలైంది గోడి అనే చింపాంజీ, 1974 జనవరి 7న. చివరికి కహామా గుంపే లేకుండా పోయింది. దాదాపు అదే కాలంలో పాషన్ అనే తల్లి, పామ్ అనే దాని కూతురు తమ గుంపులోని ఆడవాటి పసిపిల్లలను లాక్కుని చంపి తిన్నాయి.

చింపాంజీలు మనకంటే మంచివని అప్పటిదాకా అనుకునేదాన్నని జేన్ తర్వాత రాసుకుంది. ఈ హింస గురించి గట్టిగా చెప్పొద్దని, మనుషుల యుద్ధాలు పుట్టుకతో వచ్చినవే అనేవాళ్లకు ఇది అక్కరకొస్తుందని సాటి శాస్త్రవేత్తలు కొందరు సలహా ఇచ్చారు. ఆమె చూసింది చూసినట్టు అచ్చువేసింది. విమర్శకులు ఊరుకోలేదు. అరటిపళ్లే ఈ గొడవలకు కారణం, మీరే అడవిని పాడుచేశారు అన్నారు. న్యాయమైన ప్రశ్న. ఆఫ్రికాలో ఇతర చోట్ల ఏళ్ల తరబడి చూసినవాళ్లందరి లెక్కలు కలిపితేనే జవాబు దొరికే ప్రశ్న. 2014లో 18 చింపాంజీ సమాజాల సమాచారం పోగేసి చూశారు. మొత్తం 152 హత్యలు, కొన్ని కళ్లారా చూసినవి, కొన్ని ఆధారాలతో ఊహించినవి. మనుషుల జోక్యం ఎక్కువున్న చోట ఎక్కువ, తక్కువున్న చోట తక్కువ అన్న సంబంధం కనబడలేదు. మగవాటి సంఖ్య, గుంపుల సాంద్రత లాంటివే ఎక్కువ వివరించాయి. 2018లో ఇంకో బృందం కసకేలా, కహామా ఎలా చీలాయో వెతికింది. ఏ మగవి ఎవరితో కలిసి అరటిపళ్ల దగ్గరికి వచ్చాయని ఆనాడు రాసుకున్న కాగితాలే వాళ్లకు ఆధారం. విమర్శకు కారణమైన అరటిపళ్ల చోటే సాక్ష్యం చెప్పింది. సైన్సు తనను తాను ఎలా ప్రశ్నించుకుంటుందో చూపడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. దీన్ని కొట్టేసి ‘చింపాంజీలు ప్రేమగా కౌగిలించుకుంటాయి’ అని మాత్రం రాస్తే పిల్లలకు అబద్ధం చెప్పినట్టే. కౌగిలింతలూ నిజమే. తల్లి ఫ్లో 1972లో చనిపోతే, ఎనిమిదేళ్లు దాటిన ఫ్లింట్ తిండి మానేసి కొద్ది వారాలకే పోయాడు. రెండూ ఒకే అడవిలో జరిగాయి, రెండూ రాయండి.

మచ్చల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. 2013లో ఆమె సహరచయితగా రావలసిన ఒక పుస్తకంలో ఇతరుల వాక్యాలు పేరు చెప్పకుండా వాడారని ఒక పత్రిక బయటపెట్టింది. ఆమె క్షమాపణ చెప్పారు. విడుదల ఆగింది, సరిదిద్దిన పుస్తకం మరుసటి ఏడాది వచ్చింది. పాఠంలో దీనికి ఒక్క వాక్యం చాలు.

ఇక ఎవరూ రాయని భాగం. 1975 మేలో, సరస్సు అవతల అప్పటి జయీర్ (ఇప్పటి కాంగో) నుంచి సాయుధులు పడవల్లో రాత్రివేళ వచ్చి గోంబేలోని నలుగురు విదేశీ విద్యార్థులను ఎత్తుకుపోయారు. చివరికి అందరూ ప్రాణాలతో బయటపడ్డారు గానీ, ఆ తర్వాత విదేశీ విద్యార్థులు గోంబేలో ఉండే పరిస్థితి పోయింది. జేన్ కూడా అక్కడ మునుపటిలా ఉండలేకపోయారు. పని ఆగిందా? ఆగలేదు. చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన టాంజానియా వాళ్లు, హిలాలీ మతామా, ఎస్లోమ్ ఎంపోంగో లాంటివాళ్లు, అప్పటికే అడవిలో తిరుగుతూ చింపాంజీలను మొహం చూసి గుర్తుపట్టేవారు. తెల్లారకముందే గూడు దగ్గరికి చేరి, ఒక్క చింపాంజీని ఎంచుకుని సాయంత్రం మళ్లీ గూడు కట్టుకునేదాకా వెంట నడిచి, ఎవరితో ఉంది, ఏం తింది, ఎవరు వచ్చారు, ఎవరు వెళ్లారు అన్నది స్వాహిలీలో రాసేవారు. ఆ కాగితాలే తర్వాత అమెరికా విశ్వవిద్యాలయాల్లో కంప్యూటర్లకెక్కాయి, ఎంతోమంది పీహెచ్‌డీలకు ఆధారమయ్యాయి. కహామా యుద్ధం గురించి ప్రపంచానికి తెలిసిన దానిలో పెద్ద భాగం వీళ్ల కళ్లతో చూసిందే. 1960 నుంచి నేటిదాకా తెగకుండా నడిచిన పరిశోధన అని గోంబేను పొగుడుతాం. ఆ తెగకపోవడం వీళ్ల చలవ.

ఇది మనకు ఎందుకంటే, నల్లమలలో చెంచులు పులుల అభయారణ్యంలో కాపలా పనిలో ఉన్నారు. పులి అడుగు చూసి చెప్పగలిగిన మనుషులు వాళ్లలో ఉన్నారు. మన్ననూరులోనో సున్నిపెంటలోనో బడిలో కూర్చున్న చెంచుపిల్ల ఈ పాఠం చదివితే, శాస్త్రవేత్త అంటే బంగారు రంగు జుట్టున్న దొరసాని అనే అనుకోవాలా? హిలాలీ మతామా పేరు కూడా బోర్డు మీద రాయించండి. ఆ పిల్లకు తన తండ్రి చేసే పని సైన్సుకు ఎంత దగ్గరదో తెలుస్తుంది.

సంరక్షణ గురించి రాసేటప్పుడు ‘చెట్లు నాటుదాం’ దగ్గర ఆగకండి. 1986లో షికాగోలో చింపాంజీలను చదివే శాస్త్రవేత్తలంతా కలిశారు. ఎవరు మాట్లాడినా ఒకటే మాట, అడవులు పోతున్నాయి, మాంసం కోసం వేటాడుతున్నారు, తల్లిని చంపి పిల్లను అమ్ముతున్నారు. జేన్ ఆ సభకు పరిశోధకురాలిగా వెళ్లి ఉద్యమకారిణిగా బయటికి వచ్చానని చెప్పుకునేవారు. 1990ల మొదట్లో చిన్న విమానంలో గోంబే మీదుగా వెళుతూ కిందకు చూస్తే, పార్కు వరకు పచ్చగా, ఆ గీత దాటగానే కొండలన్నీ బోడిగా కనిపించాయి. చుట్టూ ఉన్న పల్లెల్లో జనం ఎక్కువ, పొలం తక్కువ. బురుండీ, కాంగోల్లో యుద్ధాల నుంచి పారిపోయి వచ్చినవాళ్లతో కిగోమా ప్రాంతం నిండిపోయింది. కడుపు నిండని మనిషితో చింపాంజీని కాపాడమంటే ఎవరు వింటారు?

1994లో ఆమె సంస్థ ఆ పల్లెల్లో మొదలుపెట్టిన టకారే అనే పథకం అందుకే ముందు మీకేం కావాలని ఊళ్లను అడిగింది. వాళ్లు వైద్యం అన్నారు, బడి అన్నారు, నీళ్లు అన్నారు. చింపాంజీల ఊసే ఎత్తలేదు. నీటి పనులు, నారుమళ్లు, ఆడవాళ్లకు చిన్న అప్పులు, ఆడపిల్లల చదువుకు సాయం, కుటుంబ నియంత్రణ సలహాలు, ఆ తర్వాతే అడవి. ఉపగ్రహం తీసిన ఫోటోలు ముందేసుకుని ఏది పొలం, ఏది ఊరి అడవి అని గ్రామస్తులే గీతలు గీసుకున్నారు. వదిలేసిన చోట నరికిన మోడులే చిగురించి కొన్నేళ్లకు చెట్లయ్యాయి, నాటే పని కూడా లేకుండా. ఇదంతా గొప్ప విజయగాథ అని రాయమనడం లేదు. గోంబే పార్కులో ఇప్పటికీ చింపాంజీలు వంద లోపే. ఆఫ్రికా మొత్తంలో ఒక శతాబ్దం కింద పది లక్షలకు పైనే ఉండేవని అంచనా, ఇప్పుడు సుమారు 1.7 లక్షల నుంచి 3 లక్షల మధ్య. ఆడ చింపాంజీ నాలుగైదేళ్లకు ఒక్క పిల్లను కంటుంది. పోయినవి తిరిగి పూడటానికి ఎంతకాలం పడుతుందో పిల్లలతోనే లెక్క కట్టించండి, గణితం మాస్టారు కూడా సంతోషిస్తారు.

రోగాల గురించి ఒక పేరా ఉండాలి. 1966లో గోంబేలో పోలియో వచ్చి చింపాంజీలకు కాళ్లూ చేతులూ పడిపోయాయి, అరటిపండులో పెట్టి టీకా మందు వేశారు. మన జలుబు వాటికి ప్రాణాంతకం కావచ్చు. అందుకే మొదటి రోజుల్లో జేన్ వాటిని తాకిన పద్ధతి ఇప్పుడు అక్కడ నిషిద్ధం, దూరం నుంచే చూడాలి. డేవిడ్ గ్రేబియర్డ్ ఆమె అందించిన కాయను వదిలేసి ఆమె వేళ్లను మెత్తగా నొక్కిన సంగతి అందరికీ ఇష్టం, నాకూ ఇష్టమే. అది రాయండి, ఇప్పుడు అలా ఎందుకు చేయరో కూడా వెంటనే రాయండి.

ఈ పాఠాన్ని ఏ అధ్యాయంలో పెడతారన్నది చిన్న విషయం కాదు. 2023లో వచ్చిన ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు పుస్తకంలో జీవ పరిణామం భాగాన్ని తీసేశారు. పరిణామం లేకుండా గోంబేను చెబితే అది పంచతంత్రంలో ఇంకో జంతువు కథ అవుతుంది. చింపాంజీ ఎందుకు మనలా పిల్లను పెంచుతుంది, మనలా గట్టు తగాదాలు పెట్టుకుంటుంది అని పిల్ల అడిగితే జవాబు ఉమ్మడి పూర్వీకుల్లో ఉంది. ఆ జవాబు చెప్పే పేజీ మన రాష్ట్రాల పుస్తకాల్లో ఏదో ఒక తరగతిలో ఉండేలా చూడటం మీ చేతుల్లో పని. ‘కోతి నుంచి మనిషి పుట్టాడు’ అన్న పాత తప్పు వాక్యం మాత్రం దాంట్లోకి రానివ్వకండి. చింపాంజీ మనకు తాత కాదు, వేలువిడిచిన చుట్టం.

ఇక ఫోటో. చింపాంజీ పిల్లను ఎత్తుకున్న ఫోటో వేయొద్దు. అలాంటి ఫోటో చూసినవాళ్లకు ఇది పెంచుకునే జంతువు అనిపిస్తుంది, ఆ కోరికే వాటి అక్రమ వ్యాపారానికి పెట్టుబడి. మనుషులూ వానరజాతులూ దగ్గర దగ్గరగా ఉన్న చిత్రాలు ప్రచురించవద్దని అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘంలోని నిపుణుల బృందం 2021లో మార్గదర్శకాలు ఇచ్చింది. పుట్ట ముందు పుల్ల పట్టుకున్న చింపాంజీ బొమ్మ ఒకటి, నోటు పుస్తకం పట్టుకున్న టాంజానియా క్షేత్ర సహాయకుడిది ఒకటి చాలు.

‘జేన్ గుడాల్ ఎప్పుడు జన్మించెను?’ అన్న ప్రశ్న తీసేయండి. ఆ చోట ఒక పని ఇవ్వండి. బడి ఆవరణలో కాకినో, ఉడతనో, వీధికుక్కనో, ఊళ్లో కోతుల గుంపు ఉంటే అందులో ఒక కోతినో ఎంచుకోవాలి. ఒక గంటసేపు దూరంగా కూర్చుని, ప్రతి 15 నిమిషాలకూ అది ఎక్కడుంది, దగ్గర ఎవరున్నారు, ఏం చేస్తోంది అని రాయాలి. తిండి పెట్టకూడదు, రాయి విసరకూడదు. ‘కోపం వచ్చింది’, ‘భయపడింది’ అని రాస్తే మాస్టారు దాని కింద గీత గీసి, ఏం చూసి అలా అనుకున్నావని అడగాలి. మార్కులు ఆ జవాబుకు. ఒక్క పిల్ల రాసింది పక్కపిల్ల రాసినదానితో కలవకపోతే ఇంకా మంచిది, ఆ రోజు క్లాసు దానంతటదే నడుస్తుంది.

పాఠం చిత్తుప్రతి సిద్ధమైతే చదివి పెట్టడానికి నేను సిద్ధం. ఆఫ్రికా ఊళ్ల పేర్లు తెలుగులో సరిగ్గా పడేలా చూడటం, తేదీలు సరిచూడటం లాంటి చిల్లర పని ఎవరికీ తీరిక ఉండదని తెలుసు. పారితోషికం అక్కర్లేదు, ప్రూఫు మాత్రం అచ్చుకు వెళ్లిన తర్వాత కాకుండా ముందు పంపండి.

ఇట్లు,
మీ పుస్తకాలు చదివి వచ్చిన పిల్లలకు చాలాకాలం పాఠాలు చెప్పిన ఒక జంతుశాస్త్ర అధ్యాపకుడు